మూడో తెర

చిట్టీ,

పెద్దదాన్ని కాబట్టి ముందు ఆశీస్సులు. మేమంతా బాగున్నామని రాయబోయి ఆగాను. ‘మేమంతా’ అంటే ఇప్పుడు నేనొక్కదాన్నే కదా! బాగానే ఉన్నాను. నువ్వూ, మీ ఆయనా, పిల్లా కులాసా అని తలుస్తాను.

నువ్వు అడిగిన మోకాలి నొప్పి తగ్గింది. అచ్చుకెళ్లే పుస్తకాలకు కంప్యూటర్‌లో పేజీలు కట్టే పని మానలేదు. తమ్ముడి బల్ల దగ్గరే, వాడి లాప్‌టాప్ మీదే చేస్తున్నాను. పక్కన డాకింగ్ స్టేషన్ అని చిన్న పెట్టె ఉంది. మూడు మానిటర్ల తీగలూ దాంట్లోకే వస్తాయి, దాంట్లోంచి ఒకటే తీగ లాప్‌టాప్‌కి. నేను రెండు తెరలే వాడుతున్నాను. కుడివైపుది వాడిది. ఆపేసే ఉంది.

ఆపేసినా ఊరుకోదే! మౌస్ బాణం అంచు దాటి ఆ నల్లటి తెరలోకి వెళ్లిపోతుంది. తెరిచిన ఫైలు ఒక్కోసారి నా ముందు కనబడదు, అటు వెళ్లి కూర్చుంటుంది. “ఇవ్వరా బాబూ, పనుంది” అని పైకే అనేసేదాన్ని. పిచ్చి పట్టిందనుకోకు. చివరికి మెకానిక్‌ని పిలిస్తే చూసి నవ్వాడు.

“తెర ఆపారు గానీ తీగ పెట్టెలోనే ఉందిగా అమ్మా. లాప్‌టాప్ లెక్కలో అది ఇంకా ఉన్నట్టే. పీకేయమంటారా?”

“ముట్టుకోకు!” అని అరిచాను. పాపం, బిత్తరపోయాడు.

“వాడు నాకేమైనా రాసిపెట్టాడా” అని పోయిన ఉత్తరంలో అడిగావు. లేదని రాశాను. అబద్ధం, చిట్టీ. మెకానిక్ వెళ్లిన రోజే ఆ తెర మీట నొక్కాను. వాడు పోయిన ఈ రెండు నెలలూ లాప్‌టాప్ మూత వేయడమే గానీ పూర్తిగా ఎన్నడూ ఆపలేదు. వాడు నీకు రాస్తున్న ఉత్తరం అక్కడ తెరిచినది తెరిచినట్టే ఉంది.

“చిన్నక్కా, తప్పు నాదే. ఆరు నెలలు మాట్లాడకుండా ఎలా ఉన్నామే? కోపం పోయాక ఒక్కసారి రమ్మను, మర్నాడే నీ గుమ్మంలో ఉంటాను” అని రాశాడు.

నువ్వు రమ్మన్నావు. వాడిది రాయడానికి వారం ముందే నాకు ఫోన్ చేసి, “వాణ్ణి పంపించవే అక్కా” అన్నావు. నేను వాడికి చెప్పలేదు. వస్తే నీ దగ్గరే ఉండిపోతాడని, ఇంట్లో ఒంటరిదాన్నైపోతానని భయపడ్డాను. చెప్పి ఉంటే ఆ మధ్యాహ్నం వాడు నీ ఇంట్లో ఉండేవాడు, ఆ రోడ్డు మీద కాదు. ఇదంతా నీకు తెలుస్తుందనే ఉత్తరం దాచాను.

అచ్చు తీసి ఇందులో పెట్టాను. తిట్టు, మాట్లాడటం మానెయ్, నీ ఇష్టం. చివరి వాక్యం సగంలో ఉంటుంది, చూడు: “పెద్దక్క అన్నానికి పిలుస్తోంది, తినేసి వచ్చి”. అంతే. “చల్లారిపోతోంది, లేరా” అంటూ ఆ తెర ఆపింది నేనే. తిన్నాక నా మోకాలి మందు తేవడానికి బండి తీశాడు.

ఇప్పుడు తెర వెలుగుతోంది. ‘వచ్చి’ పక్కన చిన్న గీత కొట్టుకుంటూనే ఉంది. ఆపడానికి నాకు చెయ్యి రావడం లేదు. నువ్వొచ్చి ఆపుతావా?

ఇట్లు,
నీ కబురు వాడికి చెప్పని
అక్క