అందరూ స్తోత్రం అన్న రోజు

చెన్నై,
ఆదివారం సాయంత్రం.

ప్రియమైన అక్కకు,

ప్రభువు పేరట నీకు వందనాలు, చిట్టిదానికి ముద్దులు. కుట్ల దగ్గర నొప్పి తగ్గిందా? చిట్టిది రాత్రుళ్ళు నిద్రపోనిస్తోందా? బావ వచ్చి చూసి వెళ్ళాడని అమ్మ చెప్పింది. నేనిక్కడ క్షేమమే. అలా రాయడం ఆచారం కాబట్టి ముందు రాసేశాను, మిగతాది కింద చదువు.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటి అని నవ్వుతావు. ఫోన్ చేస్తే పాపను ఒళ్ళో వేసుకుని స్పీకర్ పెడతావు. అమ్మ వంటింట్లోంచి, నాయన వరండాలోంచి, ఊరికే తొంగి చూసిన పక్కింటామె గుమ్మంలోంచి అందరూ నాతో మాట్లాడేస్తారు. ఇది నువ్వొక్కదానివే చదవాలి. చదివాక అమ్మకు చూపించవద్దు.

హాస్టల్లో మూడు పూటలా సాంబారే. ఉక్కపోతకు ఒళ్ళంతా చెమటకాయలు. జర్మనీలో నర్సు ఉద్యోగానికని పెట్టిన జర్మన్ భాష పరీక్ష పాసయ్యాను కదా, అయినా ప్రయాణం దాకా క్లాసుకు రమ్మంటున్నారు. మొన్న మేడమ్ ఒక అమ్మాయిని రోగిలా పడుకోబెట్టి, నన్ను నర్సుగా నిలబెట్టింది. ఆ అమ్మాయి కడుపు పట్టుకుని జర్మన్‌లో ఏదో గబగబా చెప్పింది. నాకు ఒక్క ముక్క అందలేదు. అలవాటుకొద్దీ నవ్వి, దుప్పటి సర్దాను. క్లాసంతా ఘొల్లుమన్నారు. నేనూ నవ్వాను గానీ ఆ రోజు అన్నం సహించలేదు.

ఎందుకో చెప్తాను. ఆఖరి సంవత్సరం నెల్లూరులో వార్డు డ్యూటీ చేసేటప్పుడు, కృష్ణపట్నం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉండేది. ఒక రోజు నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, నాకెట్టనో ఉండాది మా" అంది. అంతే. నొప్పి అనలేదు, ఆయాసం అనలేదు. ఆ గొంతు విని డాక్టరు కోసం పరుగెత్తాను. ఆమె బతికింది. అక్కడ జర్మనీలో ఏ ముసలాయనో తన భాషలో ఎట్టనో ఉందని అంటాడు. నేను నవ్వి, దుప్పటి సర్ది, పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోతాను. ఆయన చచ్చిపోతాడు అక్కా. చలి అన్నా భయంగానే ఉంది, ఒంటరిగా ఉండాలన్నా భయంగానే ఉంది, కానీ దీని ముందు అవన్నీ ఎంత?

మన ఇంట్లో ఈ మాట ఎవరికి చెప్పను? పట్టా ఇచ్చిన రోజు నాయనను నువ్వు చూడలేదు. రొయ్యల గుంట వదిలి ఎక్కడికీ రాని మనిషి, మామను కాపలా పెట్టి తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. మధ్యమధ్యలో ఫోన్ చేసి గుంటలో నీళ్ళకు గాలి పట్టించే ఏరియేటర్లు తిరుగుతున్నాయా అని అడగడం మాత్రం మానలేదు. నా టోపీ చేతిలోకి తీసుకుని, "ఇది మనకే ఇస్తారా, మళ్ళా ఇచ్చేయాల్నా మా?" అన్నాడు. ఇచ్చేయాలన్నాను. "అట్టయితే ఇంకో నాలుగు ఫోటోలు దిగుదాం రా" అని, ఎండలో నన్ను నిలబెట్టాడు. కనిపించిన ప్రతి మేడమ్‌తోనూ, "మా చిన్నమ్మి జర్మనీకి పోతా ఉండాది" అన్నాడు. అప్పటికింకా వీసా రాలేదు. ఇంటికి వస్తే మన బస్టాపులో ఏముంది? మామ కొడుకులు కట్టిన ఫ్లెక్సీ. గౌనులో నేను, నా నెత్తి మీద విమానం. కింద "జర్మనీ వెళ్తున్న మా ఊరి ఆడపడుచు" అని రాయించారు. దాన్ని చూడగానే చున్నీ ముఖానికి అడ్డం పెట్టుకుని నడిచాను.

ఇప్పుడు నా చదువు పూర్తయినందుకు మన ఇంటి ముందు పందిరి వేసి పెట్టిన కృతజ్ఞత కూడిక సంగతి. నువ్వు పాపతో లోపలి గదిలో ఉన్నావు. పందిరంతా స్తోత్రం అనడం విని, దేవుడు చేసిన మేళ్ళ గురించి నేను సాక్ష్యం బాగా చెప్పాననుకున్నావు. మరునాడు మెచ్చుకున్నావు కూడా. అక్కడ జరిగింది వేరు.

పాస్టరు అయ్యగారు వాక్యం చెప్పడం ముగించి మైకు నా చేతికిచ్చారు. ఎదురుగా నా వీసా కోసం నెల్లాళ్ళుగా ప్రతి శుక్రవారం ఉపవాసముండి ప్రార్థించిన ఆడవాళ్ళు. అద్దం ముందు నేర్చుకున్నట్టే మొదలుపెట్టాను. దేవుడు ఇంతవరకు నడిపించాడు అన్నాను. "స్తోత్రం!" అన్నారు. నాయన గుంట గట్టు మీద నిద్ర మానుకుని చదివించాడు అన్నాను. "స్తోత్రం!" అన్నారు. సాక్ష్యం చెప్పేవాళ్ళు ఊపిరి పీల్చుకుంటే చాలు, మనవాళ్ళు స్తోత్రం అంటారు కదా. ఆ తర్వాతి మాట గుర్తు రాలేదు. బస్టాపులో ఫ్లెక్సీ గుర్తొచ్చింది. నోట్లోంచి ఇదొచ్చింది: "నాకు చానా భయంగా ఉండాది. నాకు పోవాలని లేదు. ఆ వీసా రాకుండా పోవాలని ప్రార్థన చేయండి."

"స్తోత్రం!" అంది పందిరంతా.

అప్పటికి బిర్యానీ గిన్నె మూత తీశారు, ఘుమఘుమలాడుతోంది. ఎవరి ధ్యాస ఎక్కడుందో నీకు వేరే చెప్పాలా? అయ్యగారు కళ్ళు మూసుకునే చేతులెత్తి, "ఈ బిడ్డ అడిగిన మనవిని అడిగినట్టే నెరవేర్చు తండ్రీ" అన్నారు. ఆమెన్ అంటూ అందరూ విస్తళ్ళ దగ్గరికి లేచారు. నేను మైకు పట్టుకునే నిలబడ్డాను.

విన్నది ముందు వరసలో కూర్చున్న మేనత్త ఒక్కతే. నా రెక్క పట్టుకుని మోటారు షెడ్డు వెనక్కి లాక్కెళ్ళింది.

"ఏమ్మే, వీసా ఇయ్యి తండ్రీ అని మేం నెల్లాళ్ళు పస్తులుంటే, నువ్వు మైకులో వద్దంటావా? ఇప్పుడు ఆయన ఎవురి మాట ఇనాల?"

"నోరు జారిందత్తా."

"నీ నోరు జారింది సరే. ఇంత మంది స్తోత్రం కూడా అనేసినారు గదమ్మే! దాన్ని యాడ తుడిచేది?"

తర్వాత అక్కడే కొంగు తల మీద కప్పుకుని, "తండ్రీ, ఇందాకటిది లెక్కలో ఏసుకోబాక. బిడ్డ బయపడి అనింది" అని ప్రార్థించింది. నవ్వాలో ఏడవాలో తెలియక ఏడ్చాను. ఆ కళ్ళతోనే బంతిలో కూర్చుంటే అందరూ ఆనందబాష్పాలు అనుకున్నారు.

చెన్నైకి తిరిగి వచ్చినప్పటి నుంచి నేను లోపల్లోపల పందిట్లో చేసిన ప్రార్థన నెరవేరుతుందనే ఎదురుచూశాను. తప్పేమోనని భయపడుతూనే ఎదురుచూశాను. నిన్న కొరియర్ వచ్చింది. అత్త ప్రార్థనే గెలిచింది. పాస్‌పోర్టులో వీసా అంటించి ఉంది. దిండు కింద పెట్టుకుని పడుకున్నాను, ఇంతవరకు ఒక్కరికీ చెప్పలేదు. రేపు నాయనకు చెప్తాను. ఆయన గుంట గట్టు మీద నిలబడి అందరికీ ఫోన్లు చేస్తాడు. అమ్మ ఎండు రొయ్యల పొడి కొట్టడం మొదలుపెడుతుంది. కాస్త తక్కువ కొట్టమని చెప్పు, అక్కడ హాస్టల్లో ఆ వాసనకు నన్ను గెంటేస్తారు.

నా గురించి దిగులు పెట్టుకోవద్దు, నేను బాగానే ఉన్నాను. వేళకు తింటున్నాను. అమ్మకు, నాయనకు, బావకు, అత్తకు నా వందనాలు చెప్పు. పాపకు టీకాలు మరిచిపోవద్దు.

అందరి దీవెనలూ నాకు ముందే అందాయి. అయ్యగారు నెత్తిన చెయ్యి పెట్టారు, మామ కొడుకులు ఫ్లెక్సీ కట్టారు, అమ్మ బట్టలు మడిచి పెట్టింది. ఇంత మందిలో ఒక్కరు కూడా నన్ను పోబాక అనలేదు. ఈ ఉత్తరం అందాక నువ్వు ఒక్కసారి ఆ మాట అను. పోబాకమే, నాకు నువ్విక్కడే కావాల అను. నువ్వు అన్నా నేను వెళ్తాను అక్కా. ఎవరూ అనకుండా మాత్రం వెళ్ళలేను.

నీ చెల్లెలు,
సునీత