అతిథికిచ్చిన నీళ్ళు

పర్యావరణ విధానాల ఫెలోషిప్ అధికారి గారికి, సముద్రతీరంలోని సాత్‌ఖీరా జిల్లా నుంచి ఒక బడిపంతులు సలాం.

మీరు పంపే పరిశోధకులకు ఏడేళ్ళుగా మా ఊళ్ళో దుబాసీగా తిరుగుతున్నాను. ఓపిక అయిపోయింది, అయినా ఈ సంగతి చెప్పక తప్పదు.

నిరుడు వచ్చినాయన ఇక్కడ తాగునీరు బాగుందని రాశాడు. అది చూసి వాననీటి ట్యాంకులిచ్చే ఊళ్ళ జాబితాలోంచి మా ఊరిని కొట్టేశారు. ఆయన అబద్ధమాడలేదు. మా అమ్మ చెల్లెలు మొమెనా ఖాలా ఇంట్లో తాగాడు. ఎండాకాలం మేం తాగేది చెరువులోని ఉప్పునీళ్ళు. దాచిన వాననీళ్ళు అతిథికి. ఆ మాట ఆయనకు నేనూ చెప్పలేదు. పెట్టింది చెప్పుకోవడం మాకు పరువుతక్కువ.

దయచేసి ఆ వాక్యం దిద్దించండి.

వచ్చే నెల ఒక అమ్మాయి వస్తోందని రాశారు. "ఈసారి మనం తాగేవే ఇద్దాం ఖాలా, రుచి చూసి రాస్తుంది" అన్నాను.

"సిగ్గు లేదట్రా నీకు? బడిపంతులువి! ఏడుగురొచ్చి పుస్తకాలు రాసుకుపోయారు, ఉప్పునీటిని ఆపే కట్ట మీద తట్టెడు మట్టి పోసినవాడు లేడు. అయినా సరే, గడప తొక్కిన పిల్లకి ఉప్పునీళ్ళు పొయ్యను" అని కసిరింది.

వాననీళ్ళు ఒక్క కడవే మిగిలాయి. ఖాలా దానికి గుడ్డ కట్టి, తనూ ముట్టకుండా ఆ పిల్ల కోసం ఉంచింది.