మీ నాయన పాదం

మట్టెవాడ, వరంగల్
1964 ఆగస్టు

ప్రియమైన కుమారుడు సుందర్ రావుకు, దేవుని కాపుదల నీ మీద ఉండాలని ప్రార్థిస్తూ అమ్మ వ్రాయునది. ఇక్కడ నేను బాగున్నాను. మీ నాయన ప్రాణానికి భయం లేదు. నాగపూర్‌లో నువ్వు వేళకు తింటున్నావనీ, రైల్వే షెడ్డులో పని బాగా సాగుతున్నదనీ తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. పాదం తీసేయక తప్పదా, ఇప్పుడు కొత్త ఆపరేషన్లు వచ్చాయి కదా అని అడిగావు. దవాఖానలో పెద్ద డాక్టరును నేనూ అదే అడిగాను. ఆయన దాచకుండా చెప్పాడు. గొడ్డలి చీలమండ కింద పడి ఎముకలను నరికేసింది. వేళ్లను లేపే నరాలు తెగాయి. పాదం అడుగు తోలు మీద వేలాడుతోంది. చీలమండ పైన తీసేస్తే గాయం తొందరగా మానుతుంది, చెక్క కాలుతో నడవొచ్చు. లేదంటే చచ్చిన కండ కోసేసి, ఎముకల్లోకి స్టీలు కడ్డీలు దించి, నరాలు కలిపి కుట్టి, తర్వాత తొడ తోలు తీసి అతికించాలి. నెలల తరబడి నొప్పి. చీము పడితే మోకాలి దాకా తీసేయాల్సి వస్తుంది. అంతా సరిగా జరిగినా ఆ చీలమండ ఇదివరకటిలా వంగదు.

"చెక్క కాలే నయం" అన్నాను నేను. మీ నాయన వినలేదు.

"కడ్డీలే ఎయ్యుండ్రి డాక్టర్‌సాబ్. నా పాదం నాకు కావాలె" అన్నాడు.

వెన్నులో సూది ఇచ్చి నడుము కింద మొద్దుబార్చారు. మనిషి మెలకువగానే ఉన్నాడు. ఎముకను తొలిచే బర్మా తిరుగుతుంటే ఆ చప్పుడు పళ్లల్లో వినిపించిందట. కట్టు విప్పినప్పుడల్లా మంచం కడ్డీ పట్టుకుని వార్డంతా వినబడేలా అరుస్తాడు. నిన్న వేళ్లు ముట్టుకుంటే వెచ్చగా తగిలాయి. పాదం బతికిందన్నాడు డాక్టరు.

ఆయనకు ఇంత పట్టుదల ఎందుకో చెప్పాలంటే, ముందు నేను రాసిన అబద్ధం చెప్పాలి. కట్టెలు కొడుతుంటే గొడ్డలి జారలేదు బిడ్డా. జయరాజు నుంచి ఉత్తరాలు రావడం లేదన్నావు. నీ స్నేహితుడు, మీ అక్క మొగుడు, ఇక రాయడు.

సుశీల ఒంటినిండా బెల్టు వాతలతో మన ఇంటికి వచ్చేసింది. మర్నాడు అన్నాల వేళకు అతను గొడ్డలితో వచ్చాడు.

"దాన్ని బయటికి పంపు మామా. లేకుంటె తలుపుతోనే నరుకుత."

"నా బిడ్డ రాదు. నువ్వు పో."

గొళ్లెం ఊడింది. తలుపు సందులో మీ నాయన కాలు అడ్డం పెట్టాడు. గొడ్డలి ఆ కాలి మీద పడింది. గడపంతా నెత్తురు. కింద పడ్డ మనిషి మెడ మీదికి జయరాజు మళ్లీ గొడ్డలి ఎత్తాడు. వంటింట్లోంచి సుశీల రోకలి తెచ్చి అతని తల మీద కొట్టింది. అతను కూలబడ్డాడు. కూలబడ్డాక కూడా కొట్టింది. కదలిక ఆగేదాకా కొట్టింది. నేను దాని చెయ్యి పట్టుకోలేదు.

పోలీసులు వస్తే మీ నాయన "నేనే కొట్టిన" అన్నాడు. ఆ పాదంతో లేచి నిలబడడమే కుదరదని డాక్టరు తేల్చేశాడు. అప్పుడు సుశీలే తనంతట తాను చెప్పుకుంది. ఇప్పుడు జైల్లో ఉంది.

ఆ సంబంధం నువ్వు తెచ్చిందని, విని కుంగిపోతావని దాచాను. నిన్ను నువ్వు తిట్టుకోకు. సెలవు పెట్టి రా. అక్క నిన్నే అడుగుతోంది.

నొప్పికి తాళలేక ఏడుస్తున్న మీ నాయనను, "ఎందుకయ్యా ఇంత గోస, తీసేయమని చెప్పరాదా" అని మొన్న అడిగాను.

"చెక్క కాలుతోని కోర్టుకు పోతె కుంటోడని జాలి పడ్తరు, అంతే. నేను నా రెండు కాళ్ల మీద నడిసిపోయి నిలవడాలె. వాడు నా బిడ్డను ఏం జేసిండో నిలవడి చెప్తె, అప్పుడు నా మాట ఇంటరు" అన్నాడు.

ఇట్లు,
నీ రాక కోసం ఎదురుచూసే అమ్మ,
సువార్తమ్మ