తలుపుగడియకు మూడో చెయ్యి

బావా,

బాగున్నావా అని అలవాటు కొద్దీ అడుగుతున్నాను. నువ్వు వెళ్ళి పది నెలలు దాటింది. ఇక్కడ నేపర్‌విల్‌లో జనవరి. కారు అద్దం మీద మంచు గీకి గీకి నా భుజం పట్టేసింది. అక్కడ ఈ గోల ఉండదనుకుంటాను... ఉంటుందా?

అక్క బాగానే ఉంది. బీపీ మాత్ర వేసుకుంటోంది, నన్ను తిడుతోంది. రెండూ మానకపోతే బాగున్నట్టే కదా.

అసలు సంగతికి వస్తాను. మొన్న మన ఓటింగ్ జరిగింది. రిటైరైన ఆటగాళ్ళలో గొప్పవాళ్ళను హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎంచేది బేస్‌బాల్ గురించి పత్రికల్లో రాసేవాళ్ళు. వాళ్ళ ఫలితం రావడానికి ముందురోజు, స్టేషన్ పక్క డోనట్ షాపులో కూర్చుని మనం నలుగురం తేల్చేవాళ్ళం. నువ్వు, నేను, రజాక్ భాయ్, నర్సుగా రిటైరైన మేరీ గారు. ముగ్గురు చెయ్యెత్తితేనే మనిషి లోపలికి. అక్కడా అంతే, ముప్పాతిక వంతు ఓట్లు రావాలి. మనల్ని ఎవరూ అడగలేదన్నమాటే గానీ పద్ధతిలో లోటేమీ లేదు.

ఈసారి నీ తలుపుగడియకు ఆఖరి అవకాశం. పదేళ్ళు నిలబడ్డా గెలవకపోతే పేరు తీసేస్తారు. వాడికిది పదో ఏడు.

ఆ పేరు పెట్టింది నువ్వే. బ్యాటు పట్టినవాడి వెనక, మన వికెట్‌కీపర్‌లా, క్యాచర్‌గా కూర్చుంటే బంతిని వెనక్కి పోనిచ్చేవాడు కాదని. అసలు పేర్లకు మన నోళ్ళు తిరగక, జట్టు మొత్తానికీ నువ్వే బారసాల చేశావు. "అమ్మ పెట్టిన పేరుతో వాళ్ళమ్మ పిలుచుకుంటుంది, మనకెందుకు" అనేవాడివి.

పేర్లంటే గుర్తొచ్చింది. నన్ను మొదటిసారి స్టేడియానికి తీసుకెళ్ళిన రోజు జ్ఞాపకం ఉందా? నాకు తెలిసింది క్రికెట్ ఒక్కటే. అవతలి జట్టువాడు బ్యాటు కింద పడేసి తాపీగా నడిచి వెళ్తుంటే, ఔటయ్యాడనుకుని లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. చుట్టూ ఉన్న మన జట్టు జనం నన్ను గూఢచారిని చూసినట్టు చూశారు. నువ్వు నా చొక్కా పట్టి లాగి, "కూర్చోరా బావమరిదీ, వాడు ఓడి నడవడం లేదు, నాలుగు చెడ్డ బంతులు వదిలేసి గెలిచి నడుస్తున్నాడు" అన్నావు. కొట్టకుండా గెలవడమేమిటో నాకు అర్థం కావడానికి రెండు వేసవులు పట్టింది.

ఎక్కడున్నాను... ఆ, తలుపుగడియ.

తొమ్మిదేళ్ళుగా వాడికి రెండే చేతులు, నీదీ మేరీ గారిదీ. అన్నేళ్ళు గొంతుక్కూర్చున్న మోకాళ్ళ బాధ నర్సుకే తెలుస్తుందని ఆవిడ వాదన. నేనూ రజాక్ భాయ్ కదిలేవాళ్ళం కాదు. బ్యాటు పట్టి కొట్టలేనివాణ్ణి ఎలా చేర్చుకుంటాం?

నీ నిబంధన ఒకటుంది కదా, వద్దనేవాడు ముందు పొగడాలని. "మంచి చూడనివాడికి చెడు చెప్పే హక్కెక్కడిది?" అని మా మీద రుద్దావు. రజాక్ భాయ్ పొగడ్త ఏటా ఒకటే. "మంచోడే. పిల్లలకు సంతకాలు పెడ్తడు. అయిపాయె, ఇగ నేను వద్దంటున్న."

సరే, నీ కుర్చీ ఖాళీ. ముగ్గురిలో ముప్పాతిక ఎంతో ఎవరికీ తేలలేదు. మేరీ గారే అక్కను పిలిచారు. వస్తుందనుకోలేదు. ముప్పై ఏళ్ళు నువ్వు టీవీలో ఆట చూస్తుంటే పక్కన కూర్చుని గోంగూర వలిచిన మనిషి. ఏనాడైనా స్కోరు అడిగిందా?

శాలువా కప్పుకుని వచ్చింది. డోనట్ వద్దంది, కాఫీ తీసుకుంది. మా లెక్క సులువు... అక్క నీవైపే కదా, మేరీ గారు ఎలాగూ ఉన్నారు. ఇంక ఒక్క చెయ్యి చాలు. ఆ ఒక్కటీ నన్నే అడుగుతారని ముందే బిక్కచచ్చి ఉన్నాను. బావ పోయాడని ఓటు మారిస్తే అది ఓటా, పరామర్శా?

"నేను వద్దంటున్నా" అంది అక్క.

మేరీ గారు కప్పు కింద పెట్టేశారు. "అదేంటి సుభద్ర గారూ, అన్నయ్య గారి మనిషండీ వాడు."

"ఆయన పోయారని వాడి బ్యాటింగ్ బాగుపడుతుందా?"

రజాక్ భాయ్ గడ్డం గోక్కుని, "రూల్ ఉన్నదక్కా. ముందుగాల పొగడాలె" అన్నాడు.

అక్క శాలువా సర్దుకుంది. తరవాత చెప్పింది. "మైదానంలో అందరూ లోపలికి చూస్తారు. వీడొక్కడే వాళ్ళందరికీ ఎదురుగా కూర్చుంటాడు. ఎవడెక్కడ నిలబడ్డాడో, ఎవడికి కాళ్ళు వణుకుతున్నాయో వీడికి తెలుసు. రెండు వేళ్ళు కిందికి చూపిస్తే పిచ్చర్ ఆ బంతి వేస్తాడు. మంచిదైతే చప్పట్లు పిచ్చర్‌కి. చెడిపోతే వీడే లేచి వెళ్ళి, వాడి భుజం మీద చెయ్యేసి, నోటికి గ్లవ్ అడ్డం పెట్టుకుని ఏదో చెప్పొస్తాడు. ఏం చెప్తాడో మనకి వినపడదు. ఆ తరవాత బంతి మాత్రం తిన్నగా పడుతుంది."

కాఫీ గుక్క తాగింది. "వీడు కూర్చున్న రోజు కొత్త పిచ్చర్లు భయపడరు. నేను చూశాను. అయినా వద్దంటున్నా. బ్యాటు పట్టాక కొట్టాలి."

ఇప్పుడు చెప్పు బావా, మేమేం చెయ్యాలి? తొమ్మిదేళ్ళు నువ్వు బంతులనీ, అంకెలనీ చెప్పావు. ఆ కొత్త పిచ్చర్ల సంగతి ఒక్కసారైనా చెప్పావా?

మేరీ గారి చెయ్యి ఎప్పుడో లేచింది. రజాక్ భాయ్, "గిది ఆయన చెప్తే ఎప్పుడో ఒప్పుకుందును గదా" అని గొణుక్కుంటూ ఎత్తాడు. ముగ్గురూ నన్ను చూశారు.

నేను కళ్ళు మూసుకున్నాను. నిన్ను పక్కకు నెట్టాను. కష్టమే అయింది, నువ్వు అంత తేలిగ్గా జరిగే మనిషివా... వాణ్ణొక్కణ్ణే చూశాను, నోటికి గ్లవ్ అడ్డం పెట్టుకుని మాట్లాడుతున్నవాణ్ణి. చెయ్యి దానంతటదే లేచింది.

గెలిచాడు బావా. నీ తలుపుగడియ లోపలికి వెళ్ళాడు, నీ భార్య ఓటు లేకుండా.

షాపులో నవ్విన నవ్వుకి కౌంటర్ అమ్మాయి ఎవరిదో పుట్టినరోజనుకుని నాలుగు డోనట్లు ఊరికే ఇచ్చింది. అక్క రెండు తింది. కారులో, "ఆయనుంటే ఇవాళ ఇల్లు పీకి పందిరేసేవారు" అని, ఇల్లు చేరేదాకా నవ్వుతూనే ఉంది. ఇన్నాళ్ళకు.

మర్నాడు అసలు ఫలితం వచ్చింది. వాళ్ళు తీసుకోలేదు. పేరు కూడా తీసేశారు. వాళ్ళ దగ్గర మా అక్క లేదు మరి, ఏం చేస్తారు?

ఇది జాలి ఓటు కాదు, నమ్ము. కావాలంటే రుజువు... వచ్చే ఏడు నువ్వు ముద్దుగా గంగాళం అని పిలిచిన ఆ ఫస్ట్ బేస్‌మ్యాన్ పేరు వస్తోంది. వాడికి మాత్రం చచ్చినా చెయ్యెత్తను. ముందు నిండుగా పొగుడుతాను, తరవాత వద్దంటాను. నీ మీద ఒట్టు.

నీ బావమరిది