చెట్టు వాటా పండు

తానిజావా,
మంచు పడకముందు

చినాత్సూ, ఇక్కడ అందరం కులాసా, కంగారు పడకు.

మనింట్లో దిగిన ఒసాకా ఆయన, నిషియామా గారు, పెర్సిమన్ పళ్ళు ఒలిచి ఎండడానికి చూరుకు వేలాడదీయడం నేర్చుకుంటానన్నాడు. మంచివాడే. సాయం చేద్దామని నిచ్చెనెక్కి, చెట్టుకీ పిట్టలకీ అని చిటారుకొమ్మన వదిలిన ఒక్క పండునీ కోసేశాడు. నానమ్మ గుమ్మంలో చతికిలబడింది. ఆయన వంగి వంగి క్షమించమన్నాడు.

"నాకెందుకు నాయనా దండాలు, చెట్టుకి పెట్టు. వచ్చే ఏడు కాయాల్సింది అది," అంది. పాపం, పెట్టాడు. తర్వాత నానమ్మే ఆ పండుని ఎర్ర దారంతో కింది కొమ్మకి కట్టింది. వారం తిరిగేసరికి మెత్తగా మగ్గింది.

కూరముక్కలు ఊరేసిన తవుడు రోజూ చేత్తో కలుపుతున్నావా? నాకు మోకాళ్ళ పట్టీలు పంపు. నానమ్మని తీపి ముట్టుకోవద్దన్నాడు డాక్టరు.

పొద్దున చూస్తే కొమ్మన పండు లేదు. పిట్ట తినేసిందంటుంది నానమ్మ. దారం ముడి విప్పి, ఉండ చుట్టి, కుట్టుపెట్టెలో పెట్టి వెళ్ళిన పిట్ట. నా మాట ఎలాగూ వినదు. తీపి తగ్గించమని ఆ పిట్టకి నువ్వే ఓ ముక్క రాయి.

నీ ఒంటికి కాస్త కండ పట్టాలని దీవిస్తూ,
అమ్మ