ఈశ్వరమ్మ చెప్పని పేరు

జూన్ 16, 2025

కోర్టులో సాక్షులు చెప్పేది ఇక నేను టైప్ చేయక్కర్లేదు. మైక్ వింటుంది, ఏఐ రాస్తుంది, కింద సారాంశం కూడా అదే ఇస్తుంది. వెరిఫై బటన్ నొక్కడమే నా పని. స్టెనోనని చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది. ఇంటికొస్తూ వికారాబాద్ నుంచి తాండూరు దాకా రైల్లో నిద్రపోయాను.

జూన్ 18

మెషీన్ బాగానే వింటోంది. గొణిగినా ఒక్క ముక్క వదలట్లేదు. కుళ్లుగా ఉంది.

జూన్ 24

ఇవాళ ఈశ్వరమ్మ సాక్ష్యం. భర్త జంగప్ప తాగొచ్చి కొడతాడు. కూతురితో సహా ఇంట్లోంచి గెంటేశాడు. మళ్లీ ఆ ఇంట్లో ఉండనివ్వాలని, అతను తమ జోలికి రాకూడదని కేసు వేసింది.

ఎవరు కొట్టారని ఆమె లాయర్ జోయా అడిగితే, గా మనిషే అంది. పేరు చెప్పమంటే తల దించుకుంది. బిడ్డ తండ్రి అంది. ఇంటాయన అంది. అంతే, పేరు నోట్లోంచి రాలేదు.

భర్త పేరు పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని ఇక్కడి ఆడవాళ్ల భయం. మా అమ్మ కూడా ఆధార్ సెంటర్‌లో నాన్న పేరు నాతోనే చెప్పించింది. ఇదివరకు ఇలాంటప్పుడు జడ్జి మేడమ్ నవ్వి, "నా భర్త ఫలానా" అని డిక్టేట్ చేసేవారు. నేను అలాగే టైప్ చేసేదాన్ని. ఎవరికీ పట్టేది కాదు.

జూన్ 25

కొట్టిన వ్యక్తి ఎవరో సాక్షి చెప్పలేదని ఏఐ సారాంశం. అందులో అబద్ధం లేదు. అందుకే ఒళ్లు మండింది.

జంగప్ప తరఫు లాయరు ఆ కాపీ పట్టుకుని, ఎవరు కొట్టారో ఆమెకే తెలియదు, ఇక ఆర్డర్ ఎందుకని వాదించాడు. తల్లీకూతుళ్లు ఇప్పుడు ఎవరింటి వసారాలోనో పడుకుంటున్నారు.

చాంబర్‌కి వెళ్లి జడ్జి మేడమ్‌కి చెప్పాను. తెలుసు నిరోషా, కానీ ఇప్పుడు రికార్డింగ్ ఉంది, ఆమె అనని మాట మనం చేర్చలేం, మళ్లీ పిలిపిస్తాను, ఆమే చెప్పాలి అన్నారు. నిజమే. నాకు నచ్చలేదు.

జూన్ 30

ఆమె చెప్పదు. నాకు తెలుసు.

జూలై 2, మధ్యాహ్నం

వరండాలో జోయా నచ్చజెబుతోంది. పేరు చెప్పకపోతే ఇల్లు దక్కదమ్మా అంది. కొట్టుడు కొట్టుడే గని మేడమ్, నేను పేరు వెట్టి పిలిస్తే ఆయనకేమన్నా అయితదేమో, గా పాపం నాకెందుకు అని ఈశ్వరమ్మ అంది. ఆమె ముంజేతి మీద దెబ్బ ఇంకా మానలేదు.

లోపలికి పిలిచాక ఈశ్వరమ్మ బోనులో నిలబడి కూతురి వైపు చూసింది. తర్వాత మైక్‌కి వీలైనంత దూరం జరిగి చెప్పింది. జంగప్ప. గాలిలో కలిసిపోయేంత మెల్లగా. అయినా మైక్ పట్టేసింది. స్క్రీన్ మీద ఆ పేరు చూడగానే నాకు ఏడుపొచ్చింది.

జంగప్ప తలెత్తి ఆమెనే చూస్తున్నాడు. ఆమె నోట తన పేరు అతనూ ఎప్పుడూ విని ఉండడు.

జూలై 9

ఆర్డర్ వచ్చింది. తల్లీకూతుళ్లు ఇవాళే ఇంటికి వెళ్లిపోవచ్చు. ఈశ్వరమ్మ మాత్రం నా టేబుల్ దగ్గరే నిలబడింది. పనైంది గద బిడ్డా, జర గా మిషన్లకెల్లి ఆయన పేరు తీసెయ్యరాదు అని అడిగింది.

తీసేశానని చెప్పాను.