కార్నర్ ప్లాట్, ఈస్ట్ ఫేసింగ్

టండ్రా క్యాంపు, చర్చిల్

సీతారామారావు మావయ్య గారికి నమస్కారాలు.

ఇక్కడ సిగ్నల్ లేదు, అందుకే ఉత్తరం. గ్వెల్ఫ్ యూనివర్సిటీలో నా పీహెచ్‌డీ అంతా ఈ ప్లాట్ల మీదే ఆధారపడి ఉంది. కొన్నిటి చుట్టూ అద్దాలు కట్టి వేడెక్కిస్తున్నా. నాచు పోయి పొదలు లేస్తున్నాయి. ఇంకొన్నేళ్లలో ఈ ఏరియాని గుర్తుపట్టలేం.

మీ మేనకోడలు
చంద్రిక

తా.క. కార్నర్ ప్లాట్ మాత్రం ప్రాణంతో సమానం. ఎవర్నీ ముట్టుకోనివ్వను.

ఏజాక్స్

చి. చంద్రికకు మావయ్య దీవెనలు.

గడుసుదానివే! చదువు చదువంటూ గప్‌చుప్‌గా ప్లాట్లు పట్టావు! డెవలప్ కాకముందే కొనాలని మీ పద్మిని అత్తయ్యకు ఎన్నిసార్లు మొత్తుకున్నానో. మా ఏజాక్స్ కూడా ఒకప్పుడు పొలాలే. కాంపౌండ్ వాల్ అద్దాలతో ఏమిటే, పిచ్చిపిల్లా? ఆ కార్నర్ ప్లాట్ మాకు అట్టేపెట్టు. ఈస్ట్ ఫేసింగేనా?

ఇట్లు
మావయ్య

తా.క. పొదలు కొట్టించెయ్. కబ్జాలు అక్కణ్ణుంచే మొదలవుతాయి.

చర్చిల్

మావయ్య గారూ,

రామ రామ! ఇవి ఇళ్ల ప్లాట్లు కావు. మొక్కల్ని కొలవడానికి తాళ్లు కట్టిన చదరాలు, మీ డైనింగ్ టేబుల్ అంత. కార్నర్‌ది ఏమీ చెయ్యకుండా వదిలేసింది. మిగతావాటిని దాంతోనే పోల్చాలి. ఇక్కడ అడుగు పడితే ముద్ర ఏళ్లతరబడి పోదు. అది చెడితే నా డిగ్రీ గంగపాలు.

కంగారుతో
చంద్రిక

తా.క. సామాన్ల కోసం టౌన్‌కి వెళ్లొచ్చేసరికి కార్నర్ ప్లాట్‌లో పసుపు, కొబ్బరి చిప్ప! ఎలుగుబంట్లు కొబ్బరికాయ కొడతాయా?

ఏజాక్స్

అమ్మా చంద్రికా,

కొట్టింది ఎలుగుబంటి కాదమ్మా, నేనే. నీ జవాబు దాకా ఆగలేక సర్‌ప్రైజ్ ఇద్దామని ట్రైన్‌లో వచ్చాం. నువ్వు లేవు. మూల చదరానికి తాళ్లు కట్టి ఉంటే పూజకే సిద్ధం చేశావనుకున్నాం. ముహూర్తం దాటిపోతోందని భూమిపూజ కానిచ్చేశాం. అత్తయ్య నవధాన్యాలు కూడా చల్లింది. తిరుగు ట్రైన్‌కి టైమైతే నిన్ను చూడకుండానే వచ్చేశాం. నీ చదువు తగలేశానన్న బెంగతో అన్నం సయించడం లేదు.

తల ఎత్తుకోలేని
మావయ్య

తా.క. వాస్తు మాత్రం దివ్యంగా ఉంది.

చర్చిల్

మావయ్య గారికి,

చిప్ప చూడగానే కూర్చుని ఏడ్చాను. తర్వాత మా ప్రొఫెసర్ వచ్చి, మోకాళ్ల మీద వంగి చూసి కేక పెట్టారు. ఈ మంచునేలలో అత్తయ్య చల్లిన గోధుమలు మొలిచాయి! నా థీసిస్ పేరు ‘టండ్రా మొక్కల మీద వేడి, మనుషుల ప్రభావం’. వేడి సంగతి నేను చూసుకుంటున్నా. మనుషుల సంగతికే ఇన్నాళ్లూ ఏమీ దొరకలేదు. ఇప్పుడు మీ దంపతులు ఒక పూర్తి చాప్టర్. పోల్చి చూసే కొత్త కంట్రోల్‌కి ఎవరూ ముట్టుకోని పక్క చదరం ఉంది, డిగ్రీకి ఢోకా లేదు. అన్నం తినండి.

మీ చంద్రిక

తా.క. రికార్డుల్లో ఆ చదరానికి ‘సీతారామారావు’ అని పేరు పెట్టారు. మొత్తానికి కార్నర్ ప్లాట్ మీ పేరునే పడింది.